ఆకుదొన్నెలో చివరి గుక్క

పదకొండో భాగం

పోయిన వారం నన్ను క్లబ్బు గుమ్మం దగ్గర నిలబెట్టి వెళ్ళిపోయారు మీరు. చంకలో నా కూతురు టికీ, చేతిలో ఫోను, కాళ్ళకి రెండు రకాల చెప్పులు. కంగారులో ఒకటి నాది, ఒకటి మా అత్తగారిది తొడుక్కొచ్చాను. లోపల మగవాళ్ళందరూ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. బల్ల మీద ఎవరిదో ఫోను పెట్టి ఉంది. అందులోంచి నా గొంతే వినిపిస్తోంది.

ఇవాళే మొదలుపెట్టిన వాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పేస్తాను. నా పేరు ఝిలీ. కటక్‌లో బణియా సాహి అనే పేటకి కోడల్ని. మా ఆయన వెండితీగలతో నగలల్లుతాడు. నా చదువు ఎనిమిదో క్లాసులోనే ఆగిపోయింది. వేలితో కొట్టి రాయడమంటే నాకు భయం, అందుకని ఎక్కడేం తిన్నా మా సాహి ఆడవాళ్ళ గ్రూపులో గొంతు రికార్డు చేసి పెడతాను. టికీకి పాలిచ్చే రోజుల్లో ఆకలికి ఆగలేక మొదలుపెట్టిన పని అది. స్టేషను దగ్గర బిర్యానీ హోటల్లో అన్నం పొడిపొడిగా బాగుంటుంది, కానీ పిల్లని కింద దించకండి, బల్లల కింద పిల్లులు. సినిమా హాలు పక్క గుప్‌చుప్ అనే పానీపూరీ బండి ఆయన గోళ్ళు చూశాకే తినండి. కోర్టు వెనకాల ముసలామె పకోడీలు వానరోజున మాత్రమే తినాలి, మిగతా రోజుల్లో ఆవిడకే వాటి మీద మనసుండదు. ఇలాంటివే. ఎవరు ఎవరికి పంపారో తెలీదు, మా సాహి దాటి సగం ఊరు నా గొంతు వినేసింది.

పన్నెండు రోజుల కిందట నేను పెట్టిన ఒక్క మాట మాగుణి మవుసా పొట్ట కొట్టింది, మవుసా అంటే బాబాయి. మా సాహి మూల మలుపులో ముప్ఫై ఏళ్ళుగా సైకిలుకి చెరోవైపు హండీ గిన్నె కట్టుకుని దహీబరా అనే పెరుగు వడలు, ఆలూదమ్ కూర అమ్మే మనిషి. పొద్దున ఆరున్నరకి వచ్చి పదయ్యేసరికి ఖాళీ హండీలతో వెళ్ళిపోయే మనిషి. ఇప్పుడు పదకొండైంది. ఆయన సైకిలు ఇంకా మలుపులోనే ఉంది. హండీ సగం నిండే ఉంది. మార్చి ఒకటిన ఊరంతా దహీబరా పండగ చేసుకునే రోజు వస్తోంది. ఆ రోజు నుంచి ఆ మలుపు చస్కా దర్బార్ హోటలు యజమాని నిరాకార్ రౌత్రాయ్ కౌంటరుకి ఇచ్చేద్దామని మా సాహి పెద్దమనుషుల క్లబ్బు వాళ్ళు తీర్మానం రాసి ఉంచారు. దానికి సాక్ష్యం నా గొంతు.

ఇక వినండి.

*

"అక్కల్లారా, ఇవాళ మాగుణి మవుసా దగ్గర తిన్నాను. చెప్పడానికే బాధగా ఉంది. బరా రాయిలా ఉంది. లోపలికి పెరుగే పోలేదు. మవుసా చేతిలో రుచి పోయింది. ఇక నేను వెళ్ళను, మీ ఇష్టం."

ఫోనులో మాట ఆగిపోయింది. ఆ చివర టికీ ఏడుపు ఒక్క క్షణం వినిపించి తెగిపోయింది. చంకలో ఉన్న టికీ తన ఏడుపు తనే విని నవ్వింది. నాకు మాత్రం చెవులు మండిపోయాయి. అంత ధీమాగా, ఎదురుగా ఎవరూ లేనట్టు, ఎలా మాట్లాడానమ్మా నేను?

"విన్నారుగా," అన్నాడు రౌత్రాయ్ బాబు. తెల్లటి చొక్కా, చేతికి నాలుగు ఉంగరాలు. భువనేశ్వర్‌లో పదిహేనేళ్ళుండి పోయినేడే ఇక్కడ హోటలు తెరిచాడు. "నేనొక్క మాట అన్నానా? మాగుణి అంటే నాకూ గౌరవమే. కానీ మీ సాహి కోడలే అంటోంది. ఆ అమ్మాయి మాట ఊరంతా నమ్ముతుంది. నేనేం చెయ్యను?"

క్లబ్బు అధ్యక్షుడు బ్రజబంధు బాబు కళ్ళజోడు సర్దుకున్నారు. ఆయన కోర్టులో నలభై ఏళ్ళు గుమాస్తాగిరీ చేసి రిటైరైన మనిషి. ఇంట్లో వంకాయ కొనాలన్నా వాదోపవాదాలు వింటారని వాళ్ళావిడ చెప్పి నవ్వుతుంది.

"సాక్ష్యం స్పష్టంగానే ఉంది," అన్నారు. "ఇక అవతలి పక్షం సరుకు చూద్దాం."

రౌత్రాయ్ బాబు మనుషులు ప్లేట్లు పంచారు. తెల్లటి పింగాణీ ప్లేట్లు, ప్రతిదానిలో రెండు బరాలు. పైన గడ్డ పెరుగు, దాని మీద తియ్యటి చట్నీ, దానిమ్మ గింజలు, పక్కన ఒక స్టీలు చెంచా. పీతాంబర్ భాయి ప్లేటుని ముక్కు దగ్గరకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. మా సాహిలో చావు ఊరేగింపులో కూడా జోకు వెయ్యగల మనిషి అతను.

"రౌత్రాయ్ బాబూ, ఇది తినాలా, దీనికి దండం పెట్టాలా?"

"తినండి పీతాంబర్ భాయీ, కొత్త రుచి."

"కొత్తదే. దానిమ్మ గింజ నా పంటి కిందకి దహీబరాతో ఎప్పుడూ రాలేదు."

నలుగురు నవ్వారు. కానీ తిన్నారు. చెంచాతో తింటూ తలలూపారు. బాగుంది బాబూ, మెత్తగా ఉంది, పిల్లలకి నచ్చుతుంది. నిజానికి అది బాగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఎదురుగా పెట్టినదాన్ని చెడ్డదనడం మాకు చేతకాదు. అందుకే నేను నా మాటలన్నీ ఇంటికొచ్చాకే చెప్తాను.

కిటికీలోంచి మలుపు కనిపిస్తోంది. మాగుణి మవుసా సైకిలుని పట్టుకుని నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మంటే రానన్నారట. "నా సరుకు ఇక్కడుంది, తిన్నవాళ్ళు చెప్తారు," అన్నారట. అంతే. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పలేదట. పన్నెండు రోజుల నుంచి ఎవరడిగినా ఇదే జవాబు. ఎందుకలా ఊరుకున్నారో నాకు అర్థం కాలేదు. అలాంటి మాట బాంకీలో పుట్టిన మా అత్తగారు బిమళా గురించి ఎవరైనా అని ఉంటే కాఠజోడి ఏరు అవతలి ఒడ్డు దాకా వినపడేది.

అత్తయ్య నా వెనకే వచ్చి గుమ్మం బయట నిలబడింది. ఇంటి దగ్గరే ఆపింది నన్ను. "ఆడది క్లబ్బులోకి వెళ్తుందా? వాళ్ళు తేల్చుకుంటారు, నువ్వు నోరు మూసుకో," అంది. ఆ గొంతు మాట నేను పెట్టిన రోజు నుంచీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. ఒక్కటే మాట, రెండు మూడుసార్లు, కూర తరుగుతూ తరుగుతూ అడిగింది. "బరా నిజంగా అంత గట్టిగా ఉందా?" అవునత్తయ్యా అంటే మళ్ళీ కత్తిపీట వైపు తిరిగిపోయేది. కోడలు రోడ్డు మీది తిండి గురించి ఊరికి చాటుతోందని సిగ్గుపడుతోంది కాబోలు అనుకున్నాను.

"అయితే తీర్మానం చదవనా?" అన్నారు బ్రజబంధు బాబు.

నేను గుమ్మం దాటాను.

*

దాటానని ఇప్పుడు తేలిగ్గా చెప్పేస్తున్నాను. అప్పుడు పైన తిరుగుతున్న ఫ్యాను ఒక రెక్క వంగి టకటకమంటోంది, అది ఊడి టికీ మీద పడుతుందేమోనని ముందు ఆ భయం. టికీ ఎవరి ప్లేటులోనో దానిమ్మ గింజ లాక్కుని నోట్లో పెట్టుకుంటుందేమో, గొంతుకి అడ్డం పడుతుందేమో అని ఇంకో భయం. నేనెందుకొచ్చానో ఈ రెండు భయాల తర్వాతే గుర్తొచ్చింది.

"ఏమ్మా ఝిలీ?" అన్నారు అధ్యక్షుడు. "నీ మాటే విన్నాం. ఇంకేమైనా ఉందా?"

టికీని చంక మార్చుకున్నాను. ఇంతమంది మగవాళ్ళ మొహాలు. వీళ్ళలో సగం మంది ముందు నేనెప్పుడూ తల మీద కొంగు తియ్యలేదు.

"చెప్పమ్మా," అన్నాడు రౌత్రాయ్ బాబు ముద్దుగా. "భయపడకు. నిజం చెప్పినందుకు నిన్నెవరూ ఏమీ అనరు."

ఆ ముద్దే నాకు ఎక్కడో తగిలింది. నా చెయ్యి దానంతటదే ఫోను తీసింది. ఆడవాళ్ళ గ్రూపు తెరిచాను. బొటనవేలితో గొంతు బొమ్మ నొక్కి పట్టుకున్నాను. ఎప్పటిలాగే ఫోనుని పెదవుల దగ్గరకి తెచ్చుకుని, కళ్ళు నేల మీద పెట్టి మాట్లాడాను.

"అక్కల్లారా, నేను ఝిలీని. క్లబ్బులోంచి మాట్లాడుతున్నాను."

ఎవరో ఫక్కుమన్నారు. "అదేంటి, ఇక్కడుండి ఫోనులో చెప్తుంది?" అన్నాడు పీతాంబర్ భాయి. బ్రజబంధు బాబు చెయ్యెత్తారు. నవ్వు ఆగింది.

"పన్నెండు రోజుల కిందట మాగుణి మవుసా గురించి ఒక మాట పెట్టాను. అందులో ఒక సంగతి చెప్పలేదు. ఆ రోజు టికీకి ఒళ్ళు కాలిపోతోంది. మందుల షాపు నుంచి వస్తూ ఆకలికి తాళలేక మవుసా దగ్గర ఆగాను. రెండు బరాలు తిన్నాను. ఇంతలో టికీ కక్కింది. దొన్నె అక్కడే పారేసి ఇంటికి పరుగెత్తాను. దొన్నె చాపలేదు. నీళ్ళు తాగలేదు."

పీతాంబర్ భాయి చెంచా ప్లేటులో పెట్టేశాడు.

మా ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఇక వివరం అక్కర్లేదు. బరాలు, ఆలూదమ్ అయిపోయాక ఖాళీ దొన్నె ముందుకి చాపుతాం, ఏమీ అడగం. హండీ అడుగు నుంచి తాలింపు వేసిన పల్చటి పెరుగునీళ్ళు ఒక గరిటెడు దొన్నెలోకి పోస్తారు. దొన్నెకి మిగిలిన కారం, ఘుగుని బఠాణీ, ఉల్లిపాయ ముక్క అన్నీ ఆ నీళ్ళలో కలుస్తాయి. దొన్నె ఎత్తి ఒక్క గుక్కలో తాగుతాం. తాగాక, మూతి తుడుచుకున్నాక, అప్పుడు చెప్తాం బాగుందో లేదో. బరా ఒక్కోరోజు గట్టిపడుతుంది, ఎండ మారితే పిండి మారుతుంది. మనిషి చెయ్యి మాత్రం ఆ నీళ్ళలోనే తెలుస్తుంది. మా తాతలూ అంతే, వాళ్ళ తాతలూ అంతే.

"నీళ్ళు తాగకుండానే చెప్పావా?" అన్నారు బ్రజబంధు బాబు. ఆయన గొంతులో కోపం కాదు, దిగ్భ్రమ. ఎవరో అన్నం తినకుండా విస్తరి తీసేశారని విన్నట్టు.

"తాగకుండానే చెప్పాను," అన్నాను ఫోనులోకే. "కటక్ పిల్లని అయ్యుండి తాగకుండానే చెప్పాను. తప్పు నాది. నా మాట మీద మవుసా దగ్గరికి వెళ్ళడం మానేసిన వాళ్ళందరూ నన్ను తిట్టండి."

"ఛీఛీఛీ," అన్నాడు వెనక వరసలో ఒకాయన, నిజంగానే బాధపడుతూ. "మా అమ్మ బతికుంటే ఈ మాట విని స్నానం చేసేది."

రౌత్రాయ్ బాబు లేచాడు. మొహం వెలిగిపోతోంది. "చూశారా! ఈ అమ్మాయికి తన మాట మీద తనకే నిలకడ లేదు. ఇవాళ ఒకటి, రేపు ఒకటి. ఇలాంటి వాళ్ళ మాట పక్కన పెట్టండి. నా హోటలుకి వెయ్యి మంది వచ్చారు, వెయ్యి మందీ మెచ్చుకున్నారు. ఫ్లెక్సీ మీద రాయించాను కూడా, చదువుకోండి."

అప్పుడు నాకు భయం పోయింది. ఎందుకు పోయిందో తెలీదు. బహుశా ఆ వెయ్యి అన్న మాటకి. ఇంట్లో టికీకి ఒక్క ముద్ద తినిపించడానికి నేను పడే పాట్లు గుర్తొచ్చి ఉండొచ్చు. వెయ్యి మందిని ఎవరు మెప్పించగలరు?

ఫోను నోటి దగ్గర్నించి దించలేదు. కానీ తలెత్తి ఆయన వైపే చూశాను.

"రౌత్రాయ్ బాబూ, మీరన్నది నిజం. నీళ్ళు తాగని మాట చెల్లదు. నాదీ చెల్లదు. మరి మీ వెయ్యి మందివీ?"

"అంటే?"

నేను పక్క బల్ల మీదున్న ఖాళీ పింగాణీ ప్లేటు తీశాను. ఒక చంకలో పిల్ల, ఆ చేతిలోనే ఫోను. ఇంకో చేత్తో ప్లేటు ఆయన ముందుకి చాపాను. ఏమీ అడగలేదు. ఖాళీ దొన్నె చాపినట్టే చాపి నిలబడ్డాను.

ఆయన ప్లేటు వైపు చూశాడు. నా వైపు చూశాడు. ఒక క్షణం, నిజంగా, ఆయన కళ్ళలో ఏదో గుర్తొస్తున్నట్టు కనిపించింది. ఆయనా ఈ ఊళ్ళోనే పుట్టాడు కదా. చిన్నప్పుడు ఎక్కడో ఎవరి దగ్గరో ఆయనా దొన్నె చాపే ఉంటాడు. కానీ పదిహేనేళ్ళు తక్కువ కాలమేమీ కాదు.

"ఓ, నీళ్ళా?" అన్నాడు తేరుకుని. "ఎందుకివ్వం? సీలు తియ్యని సీసా ఇస్తాం, చల్లటిది. ఎవరికి కావాలంటే వాళ్ళకి!"

పీతాంబర్ భాయి కుర్చీలోంచి జారి కింద కూర్చున్నాడు. కడుపు పట్టుకుని, "సీసా ఇస్తాడట! దహీబరాకి సీసా ఇస్తాడట!" అంటూ పొర్లాడు. ఇక చూడాలి. ముసలివాళ్ళు దగ్గుతూ నవ్వుతున్నారు. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. "భువనేశ్వర్ పంపించెయ్యండ్రా బాబూ ఈ మనిషిని, అక్కడ ఫ్రిజ్‌లో పెట్టుకుంటారు," అన్నారెవరో. టికీకి ఏమర్థమైందో, అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది.

బ్రజబంధు బాబు నవ్వలేదు. బల్ల మీద రెండుసార్లు తట్టారు. ఆయనకి ఎదురుగా ఇంకా కోర్టే కనిపిస్తోందని అనిపించింది.

"నీళ్ళు తాగని సాక్షి సాక్షి కాదు," అన్నారు. "ఝిలీ పన్నెండు రోజుల కిందటి మాట కొట్టేస్తున్నాం. నీళ్ళే పొయ్యని హోటలు గురించి వెయ్యి మంది చెప్పిన మాటా కొట్టేస్తున్నాం. అదీ చెల్లదు, ఇదీ చెల్లదు."

"అయితే ఎవరి మాట చెల్లుతుంది?" అన్నాడు రౌత్రాయ్ బాబు.

"ఇప్పుడు తాగేవాళ్ళది."

ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు. అప్పుడే నా బొటనవేలు ఇంకా ఫోను మీదే ఉందని చూసుకున్నాను. వేలు తీశాను. నా మాటలూ, రౌత్రాయ్ బాబు సీసా, పీతాంబర్ భాయి నవ్వులూ అన్నీ కలిపి ఒక్కసారిగా గ్రూపులోకి వెళ్ళిపోయాయి.

*

మేం మలుపు చేరేలోపే సందుల్లోంచి ఆడవాళ్ళు వచ్చేశారు. తడిజుట్టుతో కొందరు, చేతికి పిండి అంటుకుని కొందరు. మూడో ఇంటి పెద్దమ్మ పూజ మధ్యలోంచి లేచొచ్చింది, నుదుటి మీద గంధం ఇంకా ఆరలేదు. "ఏమే ఝిలీ, నీళ్ళు తాగకుండా మా చేత పన్నెండు రోజులు ఉపవాసం చేయించావా?" అని నా చెవి మెలిపెట్టింది. నొప్పెట్టినా ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

మాగుణి మవుసా ఎవరు ముందో, ఎవరు వెనకో చూసుకుని దొన్నెలు విడదీయడం మొదలుపెట్టారు. రెండు బరాలు, మీద ఆలూదమ్, ఘుగుని, ఉల్లిపాయ, సన్నటి సేవ్. ఆయన గరిటె చప్పుడు విని ఎన్నాళ్ళయిందో. బ్రజబంధు బాబు అందరికన్నా ముందు నిలబడ్డారు. వాళ్ళావిడ వెనక నుంచి, "డాక్టరు ఏం చెప్పాడు? బయట తిండి ముట్టొద్దన్నాడా లేదా?" అని కేకేసింది.

"ఇది తిండి కాదు, విచారణ," అన్నారాయన.

తిన్నారు. నిదానంగా, రెండో బరా కూడా. ఖాళీ దొన్నె చాపారు. మవుసా హండీ అడుగు దాకా గరిటె దించి పోశారు. బ్రజబంధు బాబు దొన్నె ఎత్తారు. సన్నటి మెడలో గుటక దిగడం అందరం చూశాం. ఒకవేళ నిజంగానే రుచి పోయి ఉంటే? ఒకవేళ నేను మొదట చెప్పిందే నిజమైతే?

ఆయన మూతి తుడుచుకోలేదు. దొన్నె మళ్ళీ చాపారు.

"మాగుణీ," అన్నారు. "ఇంకొంచెం పొయ్యి."

మా సాహిలో అంతకన్నా పెద్ద తీర్పు లేదు. ఎవరో శంఖం ఊదినట్టు అరిచారు. చెయ్యి పిండితో ఉన్న ఆవిడ పక్కావిడ భుజం మీద చరిచింది, పిండి గుర్తు పడింది. దొన్నెలు చాపిన చేతులు, ఒకదాని మీద ఒకటి, ఎన్నో. ఇంటింటి నుంచీ గిన్నెలు కూడా వచ్చాయి. బ్రజబంధు బాబు జేబులోంచి తీర్మానం కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, సైకిలు సీటు మీద పెట్టారు. "దీంతో చేతులు తుడుచుకో, ఇంకెందుకూ పనికి రాదు. పండగ రోజు పొద్దున్నే రా. ఆలస్యం చేస్తే ఊరుకోను."

రౌత్రాయ్ బాబు కారెక్కబోతూ ఆగడం నేను చూశాను. వరసలో చివర నిలబడ్డాడు. చేతి ఉంగరాలు వెనక్కి దాచుకుని. పీతాంబర్ భాయి ఒక్కడే పక్కకి జరిగి చోటిచ్చి, "సీసా తెచ్చుకున్నారా?" అన్నాడు.

అత్తయ్య వచ్చి నా చంకలోంచి టికీని లాక్కుంది. "ఇంకోసారి నీళ్ళు తాగకుండా నోరు విప్పావో, చూడు," అంది. తిట్టేనా అనుకుంటూ మొహం చూశాను. నవ్వాపుకుంటోంది. పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి. కానీ మవుసా సైకిలు దగ్గరికి మాత్రం రాలేదు. గోడ పక్కనే, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

*

పన్నెండున్నరకి హండీ ఖాళీ అయింది. నా వంతు చివర్న వచ్చింది. బరాలు అయిపోయాయి, ఒకే ఒక గరిటెడు నీళ్ళు మిగిలాయి. మవుసా వాటిని నాకే పోశారు.

తాగాను. వేయించిన జీలకర్ర, ఎండుమిరప, కరివేపాకు. పెరుగు పులుపు నాలుక చివర తగిలి గొంతులో చల్లబడి, అడుగున కారం మెల్లగా లేచింది. ఇదే. నేను ఏడేళ్ళ పిల్లగా మా నాన్న సైకిలు ముందు కూర్చుని తాగింది ఇదే.

"మవుసా, క్షమించండి," అన్నాను. "ఆ రోజు నేను చెప్పింది తప్పు."

ఆయన దొన్నెలు కట్టిన తాడు చుట్టుకోవడం మొదలుపెట్టారు. చుట్టూ జనం పల్చబడే దాకా ఆగారు.

"తప్పు కాదమ్మా," అన్నారు మెల్లగా. "ఆ రోజు బరా గట్టిగానే ఉంది. నీ నాలుక సరిగ్గానే చెప్పింది."

"మరి..."

"అది నా చేతి వంట కాదు."

నేను ఆయన చేతుల వైపు చూశాను.

"ఎవరిదని అడగకు. చెప్పనని మాటిచ్చాను. ఆ రోజు నేను పొయ్యి ముందు కూర్చునే స్థితిలో లేను. ఒక మనిషి తెల్లవారుజామునే వచ్చి, నా ముప్ఫై ఏళ్ళ పేరు ఒక్కరోజు కూడా ఆగకూడదని, తనే పిండి రుబ్బి, తనే వేయించి హండీ నింపి ఇచ్చింది. మలుపు పోయినా సరే, ఆ పేరు నా నోట రాదు." ఆగి, చిన్నగా నవ్వారు. "నువ్వు ఆ రోజు నీళ్ళు తాగి ఉంటే నీకు నేను చెప్పక్కర్లేకపోయేది. అక్కడే కనిపెట్టేసేదానివి. ఆ తాలింపు నువ్వు రోజూ తింటున్నదే."

సైకిలు వెనక గోనెసంచీలో చుట్టి ఉన్న ఒక ఖాళీ హండీ తీసి నా చేతుల్లో పెట్టారు. ఆయన రెండు హండీలూ సైకిలుకే ఉన్నాయి. ఇది మూడోది.

"దీన్ని తిరిగి ఇవ్వాలి. పన్నెండు రోజులుగా మోసుకు తిరుగుతున్నాను. వాళ్ళు రాలేరు, నేను వెళ్ళలేను. నీకైతే దారే."

హండీ బరువుగా ఉంది. ఎక్కడో చూసిన సొట్ట. మా ఇంట్లో అటక మీది పెద్ద హండీ కనిపించడం లేదని నేనడిగితే, ఎవరింట్లోనో అన్నప్రాశనకి ఇచ్చానని అత్తయ్య అనడం గుర్తొచ్చింది. ఆ రోజు ఆవిడ మాఘస్నానం అని నాలుగింటికే కాఠజోడికి బయల్దేరి, ఎండ ఎక్కాక పొడి చీరతోనే తిరిగి రావడమూ గుర్తొచ్చింది.

గోనెసంచీ కిందకి జరిపాను. హండీ అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన పాత అక్షరాలు. పెళ్ళిసామాను మీద కొట్టించే పేరు, పుట్టింటి ఊరు. ఎనిమిదో క్లాసు చదువు ఆ రెండు మాటలకి సరిపోయింది.

బిమళా. బాంకీ.

"ఏమ్మా, ఇంకా ఎంతసేపు?" గోడ పక్క నుంచి మా అత్తగారు పిలిచింది. "ఏమిచ్చాడు మాగుణి?"